నునావుట్‌కి టికెట్ కొంటున్నారా? ముందు బుకింగ్ నంబర్లు ఎన్నో లెక్కపెట్టండి

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతానికి ఉద్యోగానికో కాంట్రాక్టు పనికో వెళ్తున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. టికెట్లు అమ్మే సైట్లలో టొరంటో నుంచి ఒటావా, అక్కడి నుంచి నునావుట్ రాజధాని ఇకాలుయిట్, ఆపైన పాంగ్నిర్టుంగ్ దాకా అంతా ఒకే తెరమీద, ఒకే ధరతో కనిపిస్తుంది. డబ్బు కట్టాక మెయిల్ తెరిస్తే బుకింగ్ నంబర్లు రెండో మూడో ఉంటాయి. అంటే మీరు కొన్నది ఒక ప్రయాణం కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని టికెట్లు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో కంపెనీ లెక్కలో మీరు ‘నో-షో’, అంటే చెప్పకుండా రాని ప్రయాణికులు. ఆ డబ్బు పోయినట్టే. అదే బుకింగ్‌లో ఉన్న తిరుగు టికెట్ కూడా చాలాసార్లు దాంతోపాటే రద్దవుతుంది. కంపెనీని అడిగితే సైట్ వాళ్లని అడగమంటారు, సైట్ వాళ్లు కంపెనీని అడగమంటారు.

కాబట్టి డబ్బు కట్టే పేజీలో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ (విమానం మారే బాధ్యత మీదే) అనే మాట ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో వెతకండి. మొత్తం దారికి బుకింగ్ కోడ్ ఒకటేనా, బ్యాగు చివరి ఊరి దాకా నేరుగా వెళ్తుందా అని కొనకముందే అడగండి. ఒటావాలో బ్యాగు తీసుకుని మళ్లీ చెకిన్ చేసుకోవాలి అన్నారంటే ఒక్కసారి ఆగి ఆలోచించండి. కాస్త ఎక్కువైనా సరే, ఉత్తరాదికి నడిపే కంపెనీ దగ్గరే మొత్తం దారి ఒకే బుకింగ్‌గా ఇవ్వగలరా అని ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి పెట్టుకోండి. మూడు గంటల తేడా చాలదా అంటే, టొరంటో–వాంకూవర్‌కి చాలు, ఇక్కడ చాలదు.

నునావుట్‌లో 25 ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు, దక్షిణానికీ లేదు. సరుకుల ఓడలు వేసవిలోనే వస్తాయి, మనుషులకు ఏడాది పొడవునా విమానమే. రన్‌వేలు చాలావరకు కంకరవి. పాత బోయింగ్ 737-200కి కంకర మీద దిగే కిట్ ఉండేది: ముక్కు చక్రం దగ్గర రాళ్లు ఎగరకుండా ఒక పలక, ఇంజిన్ రాళ్లను లాగేయకుండా ముందుకు గాలి ఊదే గొట్టాలు. తర్వాత వచ్చిన 737లకు ఆ కిట్ లేదు. ఆ పాత జెట్లు తగ్గేకొద్దీ భారమంతా ఏటీఆర్, డాష్ 8 లాంటి ప్రొపెల్లర్ విమానాల మీద పడింది. గ్రీస్ ఫియోర్డ్ లాంటి చోటికైతే ట్విన్ ఆటర్ అనే చిన్న విమానమే గతి, అందులో మహా అయితే 19 సీట్లు. ‘రేపటి విమానంలో సర్దుతాం’ అన్నా అది అప్పటికే నిండి ఉంటుంది. కొన్ని ఊళ్లకు రోజూ సర్వీసే ఉండదు.

ఇక వాతావరణం. గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటి, 400 మీటర్ల అవతల ఏమీ కనపడని స్థితి గంటల తరబడి సాగితే కెనడా వాతావరణ శాఖ దాన్ని బ్లిజార్డ్ (మంచు తుఫాను) అంటుంది. మామూలుగా 4 గంటలు చాలు, చెట్లు మొలవని ఉత్తర ప్రాంతంలో 6 గంటలు సాగాలి. ఇకాలుయిట్‌లో ఎండ కాస్తున్నా 300 కిలోమీటర్ల దూరంలోని పాంగ్నిర్టుంగ్ కొండల మధ్య మబ్బు దిగి ఉండొచ్చు. దగ్గర్లో ఇంకో విమానాశ్రయం ఉండదు కాబట్టి పైలట్ తిరిగి రావడానికి సరిపడా ఇంధనం కూడా నింపుకుంటాడు. ఆ బరువు ఎక్కడో తగ్గాలి, తగ్గేది లగేజీలో, ఒక్కోసారి ప్రయాణికుల్లో. విమానం ఊరి మీదికి వెళ్లి, రన్‌వే కనపడక వెనక్కి వస్తే మీరు బయల్దేరిన చోటే దిగుతారు. అప్పటికి సిబ్బంది డ్యూటీ గంటలు కరిగిపోయి ఉంటాయి. పైలట్ల అలసటపై కొత్త నిబంధనలు పెద్ద కంపెనీలకు 2020 డిసెంబర్‌లో, చిన్న విమానాలు నడిపేవాళ్లకు 2022 డిసెంబర్‌లో వచ్చాయి. భద్రతకు అవి మంచివే, కానీ ఆ రోజే రెండో ప్రయత్నం చేసే వీలు చాలాసార్లు ఉండదు.

విమానం ఆలస్యమైతే పరిహారంగా 1,000 డాలర్లు వస్తాయని నమ్మి వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ మొత్తం ఇవ్వాల్సింది పెద్ద కంపెనీలే. గత రెండేళ్లలో ఏటా 20 లక్షల మందిని చేరవేయని కంపెనీ చట్టం లెక్కలో చిన్నది. అక్కడ 3 గంటలు దాటితే 125, 6 దాటితే 250, 9 దాటితే 500 డాలర్లు. అదీ తప్పు కంపెనీ చేతిలో ఉన్నప్పుడే. వాతావరణం వల్ల అయితే పరిహారం లేదు, హోటలూ భోజనమూ కూడా మీ ఖర్చే. ఇకాలుయిట్‌లో హోటల్ గది రాత్రికి 300 డాలర్లు దాటడం మామూలే, అదీ దొరికితే. భద్రత కోసం ఆపిన విమానమైతే పరిహారం ఉండదు కానీ భోజనం, బస మాత్రం వాళ్లే చూడాలి. అందుకే ఆలస్యానికి కారణం ఏమిటో రాతలో అడిగి తీసుకోండి, లేదా కౌంటర్ దగ్గరి బోర్డు ఫోటో తీసుకోండి. కారణం వాతావరణమైనా సరే, 48 గంటల్లోపు మరో విమానంలో పంపలేకపోతే డబ్బు వాపసు అడిగే హక్కు 2022 సెప్టెంబర్ నుంచి ఉంది. కౌంటర్లో వాళ్లంతట వాళ్లు చెప్పాలని లేదు. పరిహారం అడగడానికి ఏడాది గడువు, కంపెనీ జవాబుకు 30 రోజులు. అప్పటికీ తేలకపోతే కెనడియన్ ట్రాన్స్‌పోర్టేషన్ ఏజెన్సీకి ఫిర్యాదు.

లగేజీ సంగతి. ఈ మార్గాల్లో కొన్ని విమానాల్లో ముందు సగం సరుకు, వెనక సగం మనుషులు. ఊరికి వెళ్లే పాలు, కూరగాయలు, మందులు అన్నీ అందులోనే. మీ పెట్టె ఒకటి రెండు రోజులు వెనకబడటం వింతేమీ కాదు. వారానికి సరిపడా మందులు, ఒక జత వెచ్చని బట్టలు, పవర్ బ్యాంకు చేతి సంచిలో ఉంచుకోండి. ఇన్సులిన్‌ను పెద్ద బ్యాగులో అసలు పెట్టొద్దు, మైనస్ 35లో బండి మీద బ్యాగులు బయట ఆగితే గడ్డకడుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. బేర్ స్ప్రే (ఎలుగుబంట్లను తరిమే స్ప్రే), క్యాంపు స్టవ్ ఇంధనం ఏ బ్యాగులోనూ కుదరవు, అక్కడికి వెళ్లాకే కొనాలి. ఆవకాయ సీసా చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. ప్లాస్టిక్ డబ్బాలో, రెండు కవర్లు చుట్టి, పెద్ద బ్యాగు నడుమ పెట్టండి.

తిరుగు ప్రయాణంలో టొరంటో నుంచి హైదరాబాద్ విమానం ఉంటే మధ్యలో కనీసం రెండు రోజులు వదలండి. ఫిబ్రవరి, మార్చిలో నునావుట్‌లోనే ఉన్న రాంకిన్ ఇన్‌లెట్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మూడు. అరోరా (ఉత్తరాది ఆకాశంలో రాత్రి కనిపించే రంగుల వెలుగులు) కోసం పక్క ప్రాంతపు రాజధాని ఎల్లోనైఫ్ వెళ్లేవాళ్లకు ఇంత బెడద లేదు, అక్కడికి జెట్లు దిగుతాయి, 2012లో డే చో వంతెన వచ్చాక రోడ్డు దారి కూడా ఏడాదంతా తెరిచే ఉంటుంది. వేసవి చివర్లో వెళ్తే మాత్రం కార్చిచ్చు వార్తలు చూసుకోండి, 2023 ఆగస్టులో ఊరంతా, సుమారు 20,000 మంది, ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఇంకోటి. స్థానికులకు, అక్కడి ఆదివాసులైన ఇనుయిట్‌లలో భూ ఒప్పందం కింద నమోదైన లబ్ధిదారులకు తక్కువ ధర టికెట్లు ఉంటాయి. ఆ ధరకు మీకూ ఇప్పిస్తామని ఎవరైనా వాట్సాప్‌లో అంటే డబ్బు పంపకండి. ఆ టికెట్‌కి అర్హత చూపే కార్డు అడుగుతారు, అది లేకపోతే ఎక్కనివ్వకపోవచ్చు, లేదా పూర్తి ధరకు తేడా అక్కడికక్కడే కట్టమంటారు.