టీబీ జీనోమ్ సీక్వెన్సింగ్ చేయించాం, 5కి 3.5 ఇస్తా

ముందే చెప్తున్నా, ఏ మందులు పడతాయో తెలుసుకుందామని దీనికి (టీబీ బాక్టీరియా డీఎన్‌ఏ మొత్తం చదివే టెస్ట్‌కి) డబ్బులు పెట్టాలనుకుంటే కాస్త ఆగండి, మాకైతే గవర్నమెంట్‌లో ఫ్రీగా చేసిన సీబీనాట్, ఎల్‌పీఏ టెస్టులతోనే (బాక్టీరియా ముఖ్యమైన మందులకి లొంగుతుందో లేదో త్వరగా చెప్పేవి) మందులు మొదలైపోయాయి. మేం చేయించింది వేరే గొడవ తేల్చుకోడానికి.

నాన్నకి ఎండీఆర్ టీబీ (రెండు ముఖ్యమైన టీబీ మందులకి లొంగని రకం) అని తెలిసిన మూడు వారాలకి నాకూ అదే తేలింది. ఎల్‌పీఏ స్ట్రిప్పులు రెండూ టెక్నీషియన్ పక్కపక్కన పెట్టి చూపించాడు, ప్రెగ్నెన్సీ టెస్ట్‌లో వచ్చినట్టు సన్నటి ఊదా గీతలు, ఇద్దరివీ ఒకే చోట. ఇంకేముంది, నాన్న నుంచే నాకు అంటిందని ఇంట్లో తీర్మానించేశారు, పెద్దమ్మ ఫోన్ చేసి మరీ అంది. ఆయన కంచం పట్టుకుని వరండాలోకి వెళ్లి తినడం మొదలుపెట్టాడు. అది చూడలేకే ఈ టెస్ట్.

ల్యాబ్‌వాళ్లు ఫోన్‌లో పది రోజులన్నారు. అంటే కల్చర్‌లో పెరిగాక పది రోజులంట! కళ్లెలో ఉన్న బాక్టీరియా పెరగడానికే ఆరు వారాల దాకా పట్టొచ్చని డబ్బులు కట్టాక చెప్పారు. మొత్తం తొమ్మిది వారాలు. అర స్టార్ ఇక్కడే కట్.

రిపోర్ట్ మాత్రం నిజంగా బాగుంది. టీబీ బాక్టీరియా జీనోమ్ 44 లక్షల డీఎన్‌ఏ అక్షరాలంట, మొత్తం చదువుతారు. ఇద్దరిలోనూ ఆర్‌పీఓబీ 450, కాట్‌జీ 315 మ్యుటేషన్లు (మందులకి లొంగకుండా చేసే జన్యు మార్పులు) ఉన్నాయి, స్ట్రిప్ మీద గీతలు కలిసింది అందుకే. కానీ ఆ రెండూ ప్రపంచమంతా ఎండీఆర్‌లో ఎక్కువగా కనిపించేవే, ఎవరికి వాళ్లకి విడివిడిగా కూడా వస్తాయి, అవి కలిసినంత మాత్రాన స్ట్రెయిన్ ఒకటే అనలేం. నాన్నది లీనియేజ్ 1 (లీనియేజ్ అంటే బాక్టీరియా వంశం), మన సౌత్‌లో బాగా ఉండేది. నాది లీనియేజ్ 2, బీజింగ్ ఫ్యామిలీ అంటారు. రెండు శాంపిళ్ల మధ్య తేడా 5 అక్షరాల లోపుంటే ఈమధ్యే ఒకరి నుంచి ఒకరికి అంటినట్టు, 12 దాటితే దాదాపు కాదన్నట్టు లెక్క వేస్తారంట, మా ఇద్దరికీ వెయ్యికి పైనే తేడా. నాన్న అంతా విని "చైనా ఎప్పుడెళ్లావురా" అన్నాడు, రెండు నెలల్లో మొదటిసారి నవ్వాడు.

ఇలా శాంపిళ్లు పోల్చే పని పెద్ద ఎత్తున చేస్తే ఊళ్లో జబ్బు ఎలా పాకిందో బయటపడుతుంది. సౌతాఫ్రికాలో టుగెలా ఫెర్రీ అనే చోట ఎక్స్‌డీఆర్ టీబీ (ఎండీఆర్ కంటే ఇంకా ఎక్కువ మందులకి లొంగనిది) వచ్చిన 53 మందిలో 52 మంది చనిపోయారు, 46 మంది శాంపిళ్లు టైపింగ్ (మొత్తం జీనోమ్ చదవకుండా బాక్టీరియా రకం తేల్చే పాత పద్ధతి) చేస్తే 39 ఒకే రకం. ఎవరికి వాళ్లు మందులు సరిగ్గా మింగక తెచ్చుకున్న జబ్బు కాదు, ఒకరి నుంచి ఒకరికి పాకుతోందని, హాస్పిటల్లోనే అంటుకుంటోందన్న అనుమానం దాంతో గట్టిపడింది. నా రిపోర్ట్ టీబీ ఆఫీస్‌లో ఇస్తే మా హాస్టల్ రూమ్‌మేట్స్ నలుగురినీ చెకప్‌కి పిలిచారు, అది ఇంకా నడుస్తోంది.

మిగతా స్టార్ ఎందుకు పోయిందంటే, రిపోర్టులు ఎవరివి వాళ్లకి విడివిడిగా పంపారు, రెండూ పోల్చి చెప్పమంటే అది వేరే సర్వీస్ అంట, వేరే బిల్లు. ముందే అడిగి రాయించుకోండి. పైగా పీడీఎఫ్‌లో నా వయసు 58, నాన్నది 26 అని పడింది, సరి చేయించడానికి మూడు మెయిళ్లు.