జాగ్రత్త: పెద్దవాళ్లతో అండమాన్ వెళ్తున్నారా? గది ఫొటో చూసి డబ్బు కట్టకండి

డిసెంబరు సెలవులు, సంక్రాంతి దగ్గరపడేసరికి అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) గదుల కోసం వెతుకులాట మొదలవుతుంది. తాతయ్య, నాయనమ్మ, ఇద్దరు కొడుకులూ కోడళ్లూ, ముగ్గురు పిల్లలు, వెరసి తొమ్మిది మంది. బుకింగుల్లో ఎక్కువ దెబ్బ తింటున్నది సరిగ్గా ఇలాంటి కుటుంబాలే. కొత్తగా పెళ్లయినవాళ్లు గది బాగోలేకపోయినా ఎలాగో సర్దుకుంటారు. డెబ్బై దాటిన మనిషి బాత్రూం గడప దగ్గర జారిపడితే సర్దుకోవడానికి ఏమీ ఉండదు. హావ్‌లాక్‌లో ఉన్నది ప్రాథమిక స్థాయి వైద్యమే. ఎముక విరిగినా, గుండెనొప్పి వచ్చినా సముద్రం దాటి పోర్ట్‌బ్లెయిర్ (శ్రీ విజయపురం) జి.బి.పంత్ ఆసుపత్రికి రావలసిందే.

అందుకని ఇంట్లో ఎవరి మోకాళ్లు బలహీనమో వాళ్లని బట్టే గది తీసుకోవాలి. పిల్లలకి ఏ గదైనా ఒకటే.

ముందు "బీచ్ ఫ్రంట్" అనే మాట సంగతి. హావ్‌లాక్‌లో రిసార్టులు ఎక్కువగా ఉన్నది తూర్పు వైపు, గోవింద్‌నగర్ (3వ నంబరు), విజయనగర్ (5వ నంబరు) బీచ్‌ల వెంట. ఫొటోల్లో గుడిసె ముందే నీలం నీళ్లు, కొబ్బరిచెట్టుకి ఊయల. అబద్ధపు ఫొటో కాదు, పోటు మీద తీసిన ఫొటో. అదే చోట పాటు వేళకి నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. బయటపడేది ఇసుక కాదు. నాచు పట్టిన రాళ్లు, చచ్చిన పగడపు ముక్కలు, మధ్యమధ్య మోకాలి లోతు మడుగులు. చెప్పులు లేకుండా అడుగు వేస్తే పాదం కోసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదానికి అలాంటి గాటు చిన్న విషయం కాదు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఇది మరీ ఎక్కువ. ఇది ఎవరూ దాచిపెట్టిన రహస్యం కాదు, అడగరు కాబట్టి చెప్పరు, అంతే.

చూసుకోవడం సులువు. పోర్ట్‌బ్లెయిర్ ఆటుపోట్ల పట్టిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు ఉండే తేదీలకి పాటు ఎన్నింటికో రాసుకోండి. రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అంటే మొదటి రోజు మధ్యాహ్నం 12కి పాటు ఉంటే నాలుగో రోజుకి రెండున్నర అవుతుంది. తర్వాత రిసార్టుకి ఫోన్ చేసి, "ఈ రోజు పాటు వేళకి మీ ముందున్న బీచ్‌ని ఒక వీడియో తీసి పంపండి" అని అడగండి. ఆ రోజు తీసిందే కావాలి. ఫోన్లో ఉన్న పాతది పంపితే మళ్లీ అడగండి. పంపని చోటు వదిలేయడం మేలు.

అడుగున ఇసుక ఉండి, పిల్లలు నీళ్లలో ఆడుకోవడానికి బాగుండేది పడమటి వైపున్న రాధానగర్ (7వ నంబరు). అక్కడ బస తక్కువ, ధర ఎక్కువ. జెట్టీ నుంచి, బజారు నుంచి 10 కిలోమీటర్ల పైమాటే. మందుల షాపు కావాలంటే బండి కట్టించుకుని వెళ్లాలి. పెద్దవాళ్లున్న కుటుంబానికి మా సలహా: బస తూర్పు వైపే, బజారుకి దగ్గరగా తీసుకోండి. రాధానగర్‌కి సాయంత్రం మూడింటికి బండిలో వెళ్లి రండి. గదిలోంచి సముద్రం కనపడాలన్న పట్టుదల వదిలేస్తే సగం ఇబ్బందులు తప్పుతాయి. ఏ బీచ్‌లో అయినా మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉంటే అక్కడ నీళ్లలోకి దిగవద్దు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు నిజంగానే ఉన్నాయి, ఆ బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు.

ఇక గది. "కాటేజ్", "హట్", "ఎకో హట్" అని పేరు ఏదైనా చాలావరకు నేల నుంచి ఎత్తులో, స్తంభాల మీద ఉంటాయి. వరండాకి నాలుగు నుంచి ఏడు చెక్క మెట్లు. చేతికి పట్టుకోవడానికి కమ్మీ ఒకవైపే ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. రాత్రి మంచుకి, వానకి చెక్క జారుతుంది. ఫొటోలో వరండా, ఊయల, పరుపు మీద పూలతో చేసిన హంసలు అన్నీ కనపడతాయి, మెట్లు మాత్రం ఫ్రేములోకి రావు. ఇంకా ప్రమాదం "డూప్లెక్స్" అనే గది. అందులో పడక పైన, బాత్రూం కింద, మధ్యలో నిచ్చెనలాంటి మెట్లు. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి అది ఇవ్వకూడదు. "సీ వ్యూ" అంటే చాలాచోట్ల రెండో అంతస్తు, లిఫ్టు లేదు అని అర్థం చేసుకోండి.

బాత్రూం విడిగా అడగాలి. పైకప్పు లేని, ఆకాశం కనపడే బాత్రూమ్‌లు అక్కడ ఒక ఫ్యాషన్. వయసులో ఉన్నవాళ్లకి సరదా. వాన పడితే మాత్రం నేలంతా తడి, మూల ఒక కప్ప, గోడ మీద బల్లులు. గది నేల కన్నా బాత్రూం నేల ఆరంగుళాలు కిందికి ఉంటుంది. చీకట్లో అలవాటు లేని కాలు అక్కడే తప్పుతుంది. కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉందా, స్నానానికి ప్లాస్టిక్ స్టూలు, బకెట్, చెంబు ఇస్తారా అని అడగండి. చెంబు గురించి అడగడానికి మొహమాటపడకండి. షవర్ కింద నిలబడలేనివాళ్లకి అవసరమయ్యేది అదే. నీళ్లు కొంచెం ఉప్పగా ఉండొచ్చు, మార్చి, ఏప్రిల్‌లో కొరత కూడా ఉంటుంది.

చీకటి సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. అండమాన్ మన కన్నా బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. డిసెంబరులో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. రాత్రి ఏడున్నరకి భోజనానికి బయల్దేరేసరికి చీకటి పడి రెండు గంటలు దాటుతుంది. గది నుంచి భోజనాల హాలుకి దారి ఇసుకా, గులకరాళ్లా, సిమెంటా? దీపాలు ఉన్నాయా? ఎన్ని అడుగులు? "దగ్గరే సార్" అంటారు. అడుగులే అడగండి. 150 దాటితే పెద్దవాళ్లకి భోజనం గదికి తెచ్చిస్తారా, దానికి వేరే చార్జీ ఉందా అని తేల్చుకోండి. సాయంత్రం పూట బీచ్ ఒడ్డున ఇసుక ఈగలు కుడతాయి. కంటికి సరిగా కనపడవు, దద్దుర్లు మాత్రం రోజుల తరబడి దురద పెడతాయి. పసిపిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు తీసుకెళ్లండి.

ఇన్సులిన్ వాడేవాళ్లున్న ఇంట్లో ఇది తప్పకుండా చదవాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చాలా గుడిసెల్లో ఫ్రిజ్ ఉండదు. ఉన్నచోట కూడా తలుపు పక్కన కార్డు గుచ్చే డబ్బా ఉంటుంది, కార్డు తీసి బయటికి వెళ్తే గదిలో కరెంటు మొత్తం పోతుంది, దాంతో ఫ్రిజ్ కూడా ఆగుతుంది. పొద్దున్న తొమ్మిదికి బీచ్‌కి వెళ్లి మధ్యాహ్నం వచ్చేసరికి లోపల మందు వేడెక్కి ఉంటుంది. రెండో కార్డు అడిగి గుచ్చే ఉంచండి, లేదంటే వంటగది ఫ్రిజ్‌లో పేరు రాసి పెట్టించండి. విమానంలో ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో వేయొద్దు. కరెంటు కోతలు ఉంటాయి. "జనరేటర్ ఉంది" అన్న జవాబుతో ఊరుకోకుండా, దాని మీద ఏసీ కూడా నడుస్తుందా, లైట్లూ ఫ్యానేనా అని అడగండి. రాత్రి నిద్రలో శ్వాస మిషన్ పెట్టుకునేవాళ్లుంటే ప్లగ్ పాయింటు మంచం పక్కనే ఉండాలి.

గదుల లెక్కలో మోసం మాటల్లో ఉంటుంది. "ఫ్యామిలీ రూం, నలుగురికి" అంటే చాలాసార్లు ఒక డబుల్ మంచం, రాత్రికి నేల మీద వేసే రెండు పరుపులు. "పక్కపక్క గదులు" అని ఫోన్‌లో ఒప్పుకుంటారు, వోచర్‌లో మాత్రం "ఖాళీని బట్టి" అని ఉంటుంది. అక్కడికి వెళ్లాక నాయనమ్మ గది ఆ చివర, మీ గది ఈ చివర. గది నంబర్లు వోచర్ మీద రాయించండి. ఇవ్వలేమంటే కనీసం "రెండు గదులు కింది అంతస్తులో, ఆనుకుని" అన్న వాక్యమైనా ఈమెయిల్‌లో తెప్పించుకోండి. పిల్లల వయసు ఎంతవరకు ఉచితం, ఆ వయసు బుకింగ్ రోజుకా, చెకిన్ రోజుకా అన్నది కూడా. మధ్యలో ఐదో పుట్టినరోజు వస్తే కౌంటర్ దగ్గర అదనంగా కట్టమంటారు.

ఫోన్‌లో మాట్లాడిన తర్వాత వాట్సాప్‌లో ఇలాంటిది ఒకటి పంపండి, వాళ్లకి అర్థమయ్యే భాషలో: "మాలో 70 దాటినవాళ్లు ఇద్దరు. వాళ్ల గదికి బయటి మెట్లు మూడుకి మించకూడదు, లోపల మెట్లు ఉండకూడదు. మెట్లు, బాత్రూం గడప, కమోడ్ కనపడేలా వీడియో పంపండి. ఫ్రిజ్ ఉందా? కార్డు తీసినా పనిచేస్తుందా? వాతావరణం వల్ల ఫెర్రీ రద్దై మేము ఒకరోజు ఆలస్యంగా వస్తే ఆ రాత్రి డబ్బు ఏం చేస్తారు?" జవాబులు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పోర్ట్‌బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడి డ్రైవర్లలో ఒకరి నంబరు దొరికితే, "ఫలానా రిసార్టులో మెట్లెన్ని అన్నా?" అని అడిగితే చాలు, వంద రివ్యూల పెట్టు.

ఆ చివరి ప్రశ్న, ఫెర్రీ సంగతి, అన్నిటికన్నా ముఖ్యం. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర అటూ ఇటూ. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు, తుపాన్లు. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీ ఆపేస్తారు. ఫెర్రీవాళ్లు టికెట్ డబ్బు వెనక్కి ఇస్తారు, కానీ రిసార్టు మిమ్మల్ని "రాలేదు" కింద రాసుకుని మొత్తం తీసుకుంటుంది. తిరుగు ప్రయాణంలో అయితే విమానం కూడా పోతుంది. అందుకే విమానం ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోవాలి. వెళ్లేటప్పుడు కూడా మధ్యాహ్నం దిగి అదే రోజు ఫెర్రీ పట్టుకునే ప్లాను వద్దు. ఐదు రోజుల్లో మూడు దీవులు అని అమ్మే ప్యాకేజీలు పెద్దవాళ్లకి శిక్ష. దీవి మారిన ప్రతిసారీ సామాను సర్దడం, జెట్టీలో ఎదురుచూపు, ఊగే పడవలోకి అడుగు, మళ్లీ బండి, మళ్లీ చెకిన్. నీల్ (షహీద్ ద్వీప్) చిన్న దీవి, దూరాలు తక్కువ, బాగుంటుంది. అయినా ఒక్క రాత్రి కోసం అటు వెళ్లడం కన్నా హావ్‌లాక్‌లో మూడు రాత్రులు ఒకే గదిలో ఉండడం నయం. నీల్‌లోని సహజ రాతి వంతెన చూడాలంటే పాటు వేళ జారే రాళ్ల మీద నడవాలి, తాతయ్యని ఒడ్డునే కూర్చోబెట్టండి.

ప్యాకేజీ కొనేవాళ్లు కొటేషన్‌లో రిసార్టు పేరు పక్కన "లేదా అదే స్థాయిది" అన్న రెండు మూడు మాటలు వెతకండి. ఏజెంటు మీ డబ్బు తీసుకుని, రిసార్టుకి మాత్రం చివరి వారం దాకా కట్టడు. ఈలోగా గది వేరేవాళ్లకి పోతుంది, మీకు ఆ "అదే స్థాయిది" వస్తుంది. అడ్వాన్సు కట్టిన మూడు రోజులకి నేరుగా రిసార్టుకి ఫోన్ చేసి మీ పేరు మీద బుకింగ్ ఉందా, డబ్బు అందిందా అని కనుక్కోండి. ఏజెంటుకి కోపం వస్తే రానివ్వండి.

నకిలీ వెబ్‌సైట్లు, మ్యాప్‌లో మార్చేసిన ఫోన్ నంబర్లు ఇంకో బెడద. యూపీఐ పంపేముందు తెరమీద కనపడే పేరు రిసార్టుదా, ఎవరో వ్యక్తిదా చూడండి. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు అడగండి. అండమాన్‌లో నమోదైనదైతే 35తో మొదలవుతుంది. 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్, అంటే మీరు మాట్లాడుతున్నది రిసార్టుతో కాదు, ఏజెంటుతో. ఆ నంబరుని జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు ఉచితంగా కనపడుతుంది. చిన్న హోంస్టేకి జీఎస్టీ లేకపోవచ్చు, అంతమాత్రాన దొంగలని కాదు. అలాంటప్పుడు అడ్వాన్సు ఒక రాత్రి అద్దెకి మించనివ్వకండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి: మోసపోయి డబ్బు పంపారని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసం కాకుండా చెప్పిన గది ఇవ్వకపోవడమైతే, సామాను లోపల పెట్టకముందే మెట్లు, బాత్రూం వీడియో తీసి, గది మార్చమని రాతపూర్వకంగా అడగండి. రిసెప్షన్ దగ్గర అరిచినది తర్వాత సాక్ష్యానికి పనికిరాదు, వాట్సాప్ మెసేజ్ పనికొస్తుంది. ఇంటికి వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అండమాన్ తిరగనక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు ముందు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. వోచర్, వాళ్ల జవాబుల స్క్రీన్‌షాట్లు, మెట్ల వీడియో, మూడూ జతచేయండి.