తడి అట్ట కింద దొరికే ఎర: వానపాముల పెట్టెతో మూడేళ్లు

మూడేళ్లుగా చేపల వేటకు బయలుదేరే ముందు నేను గడ్డపార ముట్టలేదు. ఇంట్లో వానపాముల పెట్టె పెట్టుకోవడం వల్ల కలిగిన లాభాలలో నాకు ఇదే పెద్దది. మొక్కలకు దొరికే ఎరువు కూడా దీని తరువాతే. పెట్టెకు రంధ్రాలు ఎక్కడ వేయాలి, అడుగున ఏమి పరచాలి అన్నవి వర్మీకంపోస్టు చేసేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోకుండా, ఎర కోసమే పెంచేవారికి పనికివచ్చే ఒక్క సంగతిని విస్తారంగా చెప్పదలచుకున్నాను.

అది పడక మీద, అంటే పెట్టెలో వానపాములు బతికే తడి పొర మీద, పరిచే తడి అట్ట. మొదటి నెలలో నేను పెట్టెలోకి చేయి పెట్టి వానపాములను వెతికేవాణ్ణి. వెతికిన ప్రతిసారీ పడక కలగాపులగమై అవి అడుగుకు పోయేవి. చేతికి వచ్చినవాటిలో సగం గాలపు ముల్లుకు చాలని పిల్లలే. ఆ తరువాత అట్టపెట్టె ముక్క నొకదాన్ని నానబెట్టి, నీరు వార్చి, మేత వేసిన చోట బోర్లించి, ఒక రాత్రి వదిలేయడం అలవాటు చేసుకున్నాను. తెల్లవారుజామున దాన్ని మెల్లగా ఎత్తితే అడుగు వైపున, అట్ట పొరల మధ్య గొట్టాల వంటి సందుల్లో సైతం, ముదురు ఎరుపు వానపాములు చిక్కుపడిన నూలులా పెనవేసుకొని ఉంటాయి. వెలుతురు తగలగానే కిందికి దూరుతాయి కనుక చేయి చురుగ్గా ఆడాలి. తల వైపున జీను వంటి పట్టీ ఉబ్బి కనిపించేవి ఈడుకు వచ్చినవి. ఎరకు నేను ఏరుకొనేది వాటినే. పది నిమిషాల్లో ఒక పూట వేటకు సరిపడా ఎర డబ్బాలోకి చేరిన మొదటి రోజు నాకు కలిగిన సంతోషం, ఆ రోజు చేపలు పడినందుకు కూడా కలగలేదు.

అయితే ఏడాది తిరిగేసరికి ఆ సంతోషానికి ఒక లోటు తోచింది. ప్రతి వారం ఈడు వచ్చినవాటినే ఏరివేస్తుంటే గుడ్లు పెట్టేవి తగ్గిపోయాయి. మిగిలినవి కిక్కిరిసి, ఎన్నాళ్లకూ సన్నగానే ఉండిపోయాయి. వాటిని బలిపించడానికి మొక్కజొన్న పిండిని తడి పడక మీద పలుచగా చల్లాలని ఎర పెంచేవారు చెబుతారు. చల్లి చూశాను. రెండు వారాల్లో అవి కంటికి తెలిసేంతగా లావెక్కాయి. అక్కడితో ఆగి ఉంటే ఈ సమీక్ష ఇంత పొడవు ఉండేది కాదు.

రెండు రోజుల వేట ఒకటి దగ్గరపడటంతో నాకు ఆత్రం పుట్టి, పిండిని గుప్పిళ్లతో వేశాను. పైన వేస్తే బూజు పడుతున్నదని దాన్ని పడకలో కలిపివేశాను కూడా. అసలు తప్పు అదే. మూడో నాటి సాయంత్రం మూత తీయగానే పులిసిన వాసన గుప్పుమంది. మూత లోపలి వైపునా, పెట్టె మూలల్లోనూ వానపాములు గుంపులుగా అతుక్కొని ఉన్నాయి. పడకలోకి చేయి పెడితే అన్నం గిన్నె అడుగులా వేడిగా తగిలింది. థర్మామీటరు 38 డిగ్రీలు చూపింది. నేను పెంచేవి ఐసీనియా ఫెటిడా జాతివి, 15 నుంచి 25 డిగ్రీల మధ్య సుఖంగా ఉండేవి. పారిపోలేకపోయిన వాటిని తీసి చూస్తే, ఒంటి మీద అక్కడక్కడ నొక్కుకుపోయి, మధ్య మధ్య ఉబ్బి, పూసల దండలా కనిపించాయి. మేత మితిమీరి పులిసినప్పుడు వచ్చే దీన్ని పెంపకందారులు ప్రోటీన్ విషం అంటారు. ఆ స్థితికి వచ్చిన వానపాముకు మందు లేదు.

కదులుతున్నవాటిని వడివడిగా ఏరి, తడిపిన కొబ్బరి పొట్టులో వేశాను. నాలుగింట ఒక వంతు మిగిలాయేమో. పైన గడ్డపార ముట్టలేదన్నాను కానీ, ఆ వేటకు మాత్రం ముట్టక తప్పలేదు.

పాత పడకను పారవేయడానికి మనసొప్పక, పలుచగా పరిచి చల్లార్చి, ఒక బకెట్టులోకి ఎత్తి మరిచిపోయాను. నెల దాటాక మొక్కలకు వేద్దామని పిడికెడు తీసి వెలుతురులో చూస్తే, అందులో తెల్లని దారపు పోగుల వంటివి కదులుతున్నాయి. నిమ్మకాయ ఆకారంలో, బియ్యపు గింజకంటే చిన్నగా ఉండే గుడ్ల తిత్తులు ఆ వేడిని ఎలాగో తట్టుకున్నాయి. ఒక్కో తిత్తిలో నుంచి రెండు మూడు పిల్లలు వస్తాయి కనుక, నేను చంపుకొన్న సంసారం నేను కలుగజేసుకోకుండానే మళ్లీ మొదలైంది. అవి ముల్లుకు ఎక్కడానికి మరో రెండున్నర నెలలు పట్టింది.

ఇప్పుడు పిండిని చెంచాతో, పైన మాత్రమే, ముందు చల్లింది అయిపోయాకే చల్లుతాను. ఏరేటప్పుడు పట్టీ ఉన్నవాటిలో సగం వదిలేస్తాను. ఈ జాతిని గురించి మొదట్లో నేను మిత్రులతో అన్న మెచ్చుకోలు మాటలను కూడా కొంత తగ్గించుకోవాలి: ముల్లు గుచ్చగానే దీని ఒంటి నుంచి పసుపు రంగు ద్రవం కారి ఘాటైన వాసన వస్తుంది. చిన్న చేపలు ఆ వాసనను లెక్కచేయవు. కానీ నీరు కదలని చోట రెండు మూడు సార్లు, తవ్వి తెచ్చిన వానపామునే చేప ముందుగా అందుకోవడం చూశాను. పెద్ద ముల్లుకు ఇది పొట్టి కూడా. పొడవైన ఎర కావలసినవారు ఆఫ్రికా జాతి అయిన యూడ్రిలస్‌ను పెంచుకోవచ్చు, చలి దానికి పడదని గుర్తుంచుకొని.

నెలకు రెండు మూడు సార్లు, పూటకు ముప్పై నలభై వానపాములతో వేటాడే నాకు ఒక పెట్టె చాలుతున్నది. రోజూ గాలం వేసేవారికి చాలదు. పైగా నాకు ఎండ తగలని మూల ఒకటి ఉంది, నేను ఊళ్లో లేనప్పుడు పడక తడి చూసే మనిషి ఇంట్లో ఉన్నారు; ఈ రెండూ లేకపోతే నేనైనా పెట్టెకు బదులు గడ్డపారనే నమ్ముకొని ఉండేవాణ్ణి.