సొంత శబ్దం కట్టడం నేర్చుకోవాలంటే ఏది మేలు: చిన్న సింథసైజరా, కంప్యూటరా, స్టేజీ కీబోర్డా?

మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. ఆ మధ్య ఒకనాడు విజయనగరం గంటస్తంభం దగ్గర కలిసి, "మావయ్యా, రోబో గొంతు వచ్చే కీబోర్డు కొందామనుకుంటున్నాను, ఏది కొనమంటావు?" అని అడిగాడు. పెళ్ళిళ్ళలో, పైడితల్లమ్మ జాతర రోజుల్లో వేదికల మీద చాలా ఏళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నవాణ్ణి కాబట్టి వెంటనే ఒక పేరు చెప్పి పంపెయ్యవచ్చు. అయితే వాడికి కావలసింది రోబో గొంతు ఒక్కటేనా, లేక శబ్దాన్ని తన చేతులతో తయారుచేసుకోవడమా అన్నది తేలితే తప్ప జవాబు చెప్పడం కుదరదు. "రెండూ" అన్నాడు వాడు. ఆ రెండో కోరికను మనసులో పెట్టుకొని, నేను స్వయంగా వాడి చూసిన మూడు దారులను ఇక్కడ పోల్చి చెబుతున్నాను.

మొదటిది వోకోడర్ (మన మాటను రోబో గొంతుగా మార్చే భాగం) ఉన్న చిన్న సింథసైజర్, అంటే శబ్దాన్ని మనమే కట్టుకోగల ఎలక్ట్రానిక్ వాద్యం. ఈ కోవలో అందరికీ తెలిసినది 2002లో వచ్చిన కోర్గ్ మైక్రోకోర్గ్. రెండోది లాప్‌టాప్‌లో నడిచే సింథసైజర్, ఉదాహరణకు డబ్బు కట్టనక్కరలేని సర్జ్ ఎక్స్‌టి. మూడోది మా ఆర్కెస్ట్రాలలో విరివిగా కనిపించే స్టేజీ కీబోర్డు. వీటిలో రోలాండ్ జూనో డిఎస్‌కు మైకు రంధ్రమూ ఉంది, లోపల వోకోడరూ ఉంది.

మూడోదాని సంగతి ముందే తేల్చేస్తాను. పాటకు పాట మారుతూ, షెహనాయి నుంచి స్ట్రింగ్స్‌కు, అక్కడి నుంచి పియానోకు ఒక్క మీటతో దూకవలసిన వేదిక మీద స్టేజీ కీబోర్డుకు సాటి లేదు. కానీ దాని గొప్పతనమంతా ముందే తయారై ఉన్న శబ్దాలలోనే ఉంది. ఒక శబ్దాన్ని మొదటి నుంచి కట్టుకోవాలంటే చిన్న తెర మీద మెనూ వెనక మెనూ తెరుచుకుంటూ పోవాలి. ఎదురుగా వందల కొద్దీ మంచి శబ్దాలు సిద్ధంగా ఉన్నప్పుడు ఆ కష్టం ఎవరూ పడరు, నేనూ పడలేదు. వాయించి సంపాదించుకోవడానికి అది మేలు, నేర్చుకోవడానికి కాదు.

ఇక పోటీ చిన్న సింథసైజరుకూ కంప్యూటరుకూ మధ్యనే. దాన్ని తేల్చడానికి నేను వాడే తూనికరాయి వోకోడరే. దాన్ని చాలామంది సరదా చప్పుడుగా చూస్తారు. నా దృష్టిలో మాత్రం అది శబ్దం కట్టడం నేర్పే గురువు, అదీ కాస్త నిర్దాక్షిణ్యమైన గురువు.

వోకోడర్ పనితీరు చూస్తే ఆ మాట ఎందుకన్నానో తెలుస్తుంది. 1930ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ దీన్ని రూపొందించింది సంగీతం కోసం కాదు, మాటను తక్కువ చోటులో ఇమిడ్చి తీగ మీద పంపడం కోసం. మైకులోకి వచ్చిన గొంతును అది కింది స్థాయి నుంచి పై స్థాయి వరకు కొన్ని పట్టీలుగా, అంటే బ్యాండ్లుగా, చీల్చి ఏ పట్టీలో ఏ క్షణాన ఎంత బలం ఉందో కొలుస్తుంది. కీబోర్డు మీద మనం పట్టిన శబ్దాన్ని కూడా అలాగే చీల్చి, గొంతులో కొలిచిన బలాన్నిబట్టి ఆ పట్టీలను పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. గొంతు అక్షరాన్ని మాత్రమే ఇస్తుంది, నాదం కీబోర్డుదే. కాబట్టి కీబోర్డు శబ్దంలో లేనిదాన్ని వోకోడర్ ఎక్కడి నుంచీ తెచ్చి పెట్టలేదు.

పాఠం మొదలయ్యేది ఇక్కడే. ఆసిలేటర్‌లో, అంటే మూల శబ్దాన్ని పుట్టించే భాగంలో, సైన్ తరంగాన్ని పెట్టుకొని మైకులో ఎంత స్పష్టంగా మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కాదు, ఎందుకంటే దానిలో ఉన్నది ఒకే ఒక్క స్వరం, మిగతా పట్టీలన్నీ ఖాళీ. రంపపు పళ్ళ తరంగానికి మారిస్తే మాట ఒక్కసారిగా పలుకుతుంది, ఎందుకంటే దానిలో మూల స్వరంతోపాటు పలికే పై స్వరాలన్నీ (హార్మోనిక్స్) ఉన్నాయి. ఫిల్టర్ కటాఫ్, అంటే పై స్వరాలను కోసే హద్దు, బాగా దించితే గొంతు దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టు ఉంటుంది. అటాక్, అంటే శబ్దం పూర్తి బలానికి చేరే వేగం, నెమ్మదిగా పెడితే మాట మొదలు మింగేసినట్టు అవుతుంది, సస్టెయిన్, అంటే మీట పట్టి ఉన్నంతసేపు నిలిచే బలం, తగ్గిస్తే చివర ఆరిపోతుంది. మధ్యస్థాయి సా (కీబోర్డు మీద మధ్య సి) కంటే రెండు స్థాయిలు పైకెళ్ళి వాయిస్తే అచ్చుల తేడాలన్నీ చెరిగిపోతాయి, ఎందుకంటే అక్కడ అట్టడుగు స్వరమే సుమారు 1046 హెర్ట్జ్, అచ్చులను విడదీసే మొదటి గుర్తులేమో చాలావరకు దానికి కిందనే ఉంటాయి. అటాక్, సస్టెయిన్ అన్న మాటలను పుస్తకంలో పదిసార్లు చదివినా ఇంతగా మనసుకు పట్టవు. తన పేరు తనకే అర్థం కాకుండా పోయినప్పుడు మనిషి ఏ నాబ్ (తిప్పే మీట) తప్పుందో వెతుక్కుంటాడు.

తెలుగుతో ఈ పరీక్ష మరింత గట్టిది. మన మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి, అచ్చులను వోకోడర్ చక్కగా మోస్తుంది, అంతవరకు మనకు లాభమే. కానీ దీర్ఘానికీ హ్రస్వానికీ అర్థమే మారే భాష మనది. బలాన్ని కొలిచే భాగం నెమ్మదిగా స్పందించేలా పెడితే "కల" కాస్తా "కాల" వైపు జారుతుంది. "అక్క" అన్నప్పుడు మధ్యలో గొంతు క్షణకాలం పూర్తిగా మూసుకుంటుంది, ఆ నిశ్శబ్దమే ద్విత్వం. రిలీజ్, అంటే శబ్దం ఆరిపోవడానికి పట్టే సమయం, ఎక్కువైతే ఆ ఖాళీ నిండిపోయి ద్విత్వం మాయమవుతుంది. స, శ, ష ల బలం పై పట్టీలలో, హెచ్చుభాగం 4000 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కీబోర్డు శబ్దంలో కొంచెం నాయిస్ (స్వరం లేని బుస చప్పుడు) కలపకపోతే అవి వినపడవు. అన్నిటికంటె నన్ను ఇబ్బంది పెట్టింది ఇకార ఎకారాల తేడా. ఎనిమిది పట్టీల మైక్రోకోర్గ్‌లో నేను కట్టిన మొదటి శబ్దంతో "పెళ్ళి" అంటే నా చెవికే "పిల్లి" అని వినిపించింది. పెళ్ళి వేదికల మీద బతికేవాడికి ఇది చిన్న సమస్య కాదు.

పట్టీల లెక్కలో కంప్యూటరుదే పైచేయి. సర్జ్ ఎక్స్‌టిలోని వోకోడర్ 20 పట్టీల వరకు ఇస్తుంది. అంతకంటె పెద్ద లాభం, ఏ భాగం ఏ భాగాన్ని కదిలిస్తున్నదో తెర మీద కంటికి కనిపించడం. మైక్రోకోర్గ్‌లో ఉన్నవి ఐదు నాబ్‌లు, ఏ విభాగాన్ని మారుస్తున్నామో ఎంచుకోవడానికి రెండు డయళ్ళు, మూడంకెల చిన్న తెర. నాబ్‌ల పేర్లు పక్కన అచ్చువేసిన పట్టికలో వరుస వెతికి చూసుకోవాలి. మొదటి వారం విసుగు పుడుతుంది. ఫిల్టర్ ఎన్వలప్ (కాలంతోపాటు ఫిల్టర్ మారే తీరు) ఆకారం ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో గీత రూపంలో కనిపిస్తుంటే, ఇక్కడ చెవితో ఊహించుకోవాలి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌తో మొదలుపెట్టవచ్చన్నది చదువుకునే కుర్రాడికి చిన్న మాట కాదు. కొత్త సింథసైజర్ ఒక సాధారణ లాప్‌టాప్ అంత ధర పలుకుతుంది, మరమ్మతు వస్తే విశాఖపట్నమో హైదరాబాదో పంపించుకోవాలి.

అయినా మాట దగ్గరకు వచ్చేసరికి కంప్యూటర్ తడబడుతుంది. గొంతు లోపలికి వెళ్ళి, లెక్క తేలి, బయటికి రావడానికి సమయం పడుతుంది. సెకనుకు 44,100 నమూనాల చొప్పున తీసుకుంటూ 1024 నమూనాల బఫరు (నమూనాలను కూడబెట్టే తాత్కాలిక నిల్వ) పెడితే ఒక వైపుకే 23 మిల్లీసెకన్లు ఆలస్యం, రానూపోనూ కలిపితే దాదాపు రెట్టింపు. నోటికీ చెవికీ మధ్య అంత ఎడం ఉంటే నాలుక తత్తరపడుతుంది. బఫరు 128కి దించితే ఒక వైపు ఆలస్యం 3 మిల్లీసెకన్లకు తగ్గుతుంది గానీ, దానికి విండోస్‌లో ఏఎస్ఐఓ అనే, ఆలస్యం తగ్గించే డ్రైవరూ, మైకును కంప్యూటరుకు కలిపే ఒక మోస్తరు ఆడియో ఇంటర్‌ఫేసూ, విడిగా మైకూ కావాలి. అప్పుడిక "ఖర్చు లేదు" అన్న మాట చెల్లదు. లాప్‌టాప్‌లోని మైకుతోనే సరిపెట్టుకుందామంటే స్పీకరు చప్పుడు మళ్ళీ మైకులోకే దూరి గోల చేస్తుంది, ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. చిన్న సింథసైజర్‌లో ఈ బెడద లేదు. మెడ వంచుకునే మైకు దానితోనే వస్తుంది, స్విచ్ వేసి మాట్లాడితే అదే క్షణంలో పలుకుతుంది. ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది కాబట్టి కరెంటు పోయిన సాయంత్రాలలో సాధన ఆగదు. అయితే ఆ మైకు సీలింగ్ ఫ్యాను గాలిని సైతం పట్టేస్తుంది. వేసవిలో ఫ్యాను ఆపి నేర్చుకోవాలన్నది ఏ పుస్తకంలోనూ రాయని నియమం.

ఇంకొక తేడా గమకానిది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులుగా సంగీత కళాశాల మొదలైన ఊరు మాది. ద్వారం వెంకటస్వామినాయుడు అందులో వయొలిన్ చెప్పారు. ఈ ఊళ్ళో స్వరం కదలకుండా నిలబడితే శ్రోత చెవి ఒప్పుకోదు. వోకోడర్ గొంతులోని గమకాన్ని పూర్తిగా వదిలేస్తుంది, స్వరమేదో కీబోర్డే నిర్ణయిస్తుంది. మైకు ముందు ఎంత కంపితం పాడినా బల్లపరుపుగానే వస్తుంది. బొబ్బిలి వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగినట్టు ఆ కదలికను స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రంతో ఎడమ చెయ్యి ఇవ్వాలి. చక్రం ఎంత దూరం లాగుతుందో శబ్దంలోనే నిర్ణయించి పెట్టుకోవాలి, అదీ కట్టడంలో భాగమే. చక్రం ఉన్న మిడి కీబోర్డు (కంప్యూటరుకు తగిలించే వాద్యపు మీటల పలక) లేకుండా లాప్‌టాప్ మీటలతో ఇది జరిగే పని కాదు.

ఒక్కటే కొనమంటే నా ఓటు చిన్న సింథసైజరుకే. సిద్ధంగా ఉన్న శబ్దాలను ముట్టుకోకుండా, ఖాళీ ప్రోగ్రాముతో మొదలుపెట్టి, తన పేరు స్పష్టంగా పలికేదాకా నాబ్‌లు తిప్పితే అటాక్ నుంచి ఎల్ఎఫ్ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే తరంగం) దాకా అన్నీ వాటంతట అవే వస్తాయి. భద్రపరిచే మీట నొక్కకుండా వేరే ప్రోగ్రాముకు వెళితే కట్టిందంతా పోతుందని మాత్రం ముందే హెచ్చరించాలి, రెండు రాత్రుల పని నాకలాగే పోయింది. కొనే స్తోమత ఇప్పుడే లేనివారు కంప్యూటర్‌తో మొదలుపెట్టి, వోకోడర్‌ను మాత్రం తర్వాతకు వాయిదా వేసుకొని, ముందు ఆసిలేటరునూ ఫిల్టరునూ కంటితో చూసి అర్థం చేసుకోవడం నయం. ఆలస్యంతో కుస్తీ పడుతూ వోకోడర్ నేర్చుకోబోతే విసిగి రెండింటినీ వదిలేస్తారు.

మా మేనల్లుడికి నా పాత సింథసైజరే రెండు నెలలకు ఇచ్చి పంపాను, లాప్‌టాప్‌లో సర్జ్ ఎక్స్‌టి కూడా పెట్టించాను. మధ్య పట్టీల బలాన్ని విడివిడిగా సవరించి, రంపపు తరంగానికి చిటికెడు నాయిస్ కలిపి, మొన్న ఆదివారం నాకు వినిపించాడు. ఇప్పుడు పెళ్ళి పెళ్ళిలాగే ఉంది, ఎకారం తేలింది. ళకారం మాత్రం ఇంకా లకారంగానే వస్తోంది.