పెరిగే పాముకు ఏ పెట్టె మేలు? విడతలవారీగా మార్చడమా, మొదటే పెద్దది పెట్టడమా?

పాముపిల్లను పెద్ద పెట్టెలో వేస్తే బెదిరి తిండి మానేస్తుందనే మాట పాములు పెంచేవాళ్లలో బాగా పాతుకుపోయింది. అందులో సగమే నిజం. పిల్ల బెదిరేది బోసిగా ఉన్న చోటుకు. ఆరుబయట తిరిగే పాముకు గోడలే ఉండవు, అయినా బొరియో రాతి సందో ఆకుల కుప్పో ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. కాబట్టి పెట్టె కొలతలతో పాటు ఇంకో కొలత కూడా చూసుకోవాలి: ఒక చాటు నుంచి ఇంకో చాటుకు పాము ఎంత దూరం బయటపడి పాకాలి?

లెక్క మాత్రం పెద్ద పాముతోనే మొదలుపెట్టాలి. అమెరికాకు చెందిన విషంలేని కార్న్ స్నేక్ పిల్ల గుడ్డులోంచి 20–30 సెం.మీ. పొడవుతో వస్తుంది, పెద్దయ్యాక 3 నుంచి 5 అడుగులు ఉంటుంది. ఆఫ్రికా కొండచిలువ జాతి అయిన బాల్ పైథాన్‌లో ఆడది 4–5 అడుగులు పెరుగుతుంది, మగది సాధారణంగా అంతకన్నా పొట్టి. పెట్టె పొడవూ వెడల్పూ కలిపితే పాము పొడవంత ఉంటే చాలని పాత లెక్క. దాని ప్రకారం 4 అడుగుల పాముకు 30×18 అంగుళాల ట్యాంకు సరిపోవాలి. కానీ అందులో ఆ పాము ఒక్కసారి కూడా తిన్నగా ఒళ్లు చాచుకోలేదు. పెట్టె పొడవు పాము పొడవుకు తగ్గకూడదు, వెడల్పు అందులో సగమైనా ఉండాలి. అంటే 4 అడుగుల పాముకు 4×2×2 అడుగుల పెట్టె. 5 అడుగులకు చేరితే పెట్టె పొడవూ ఆ మేరకు పెరగాలి. కార్న్ స్నేక్ కొమ్మలెక్కుతుంది గనుక దానికి ఎత్తు తగ్గించొద్దు.

విడతల పద్ధతిలో దారి ఇలా ఉంటుంది: ముందు 40×25 సెం.మీ. మూత టబ్బు, తర్వాత 30×12 అంగుళాల ట్యాంకు, తర్వాత 36×18, చివరికి 4×2 అడుగుల పెట్టె. చిన్న టబ్బులో పిల్ల ఎక్కడుందో, ఎర తిందో లేదో, రెట్ట ఎలా ఉందో వెంటనే తెలుస్తుంది. కొత్తవాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం. చిక్కంతా వేడి దగ్గర వస్తుంది. బాల్ పైథాన్‌కు ఒక కొసన వెచ్చగా కూచునే చోటు 32–34 డిగ్రీలు, రెండో కొసన 25–27 డిగ్రీలు కావాలి. 40 సెం.మీ. దూరంలో అంత తేడా నిలబెట్టడం చాలా కష్టం. అడుగున పెట్టే కరెంటు వేడి పలక, అంటే హీట్ మ్యాట్, కాస్త ఎక్కువైతే టబ్బంతా వేడెక్కి, పాముకు చల్లబడే చోటే మిగలదు. పైగా చిన్న చోటు త్వరగా మురికవుతుంది. శుభ్రం చేయకుండా వదిలేస్తే అడుగున పరిచిన పొట్టు తడిసి, పొట్ట కింది పొలుసులు పాడవడం మొదలవుతుంది.

మూడుసార్లు మారిస్తే మూడుసార్లు పాముకు తెలిసిన వాసనలన్నీ పోతాయి. బాల్ పైథాన్ అయితే ప్రతి మార్పుకూ కొన్ని వారాలు తిండి మానినా ఆశ్చర్యం లేదు. ఇంతకన్నా పెద్ద చేటు వాయిదా. రెండో పెట్టె దగ్గరే ఆగిపోయి, ‘వచ్చే నెల మారుద్దాం’ అనుకుంటూ పెద్ద పామును అందులోనే ఉంచేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. పాము ఒళ్లు చాస్తే రెండు కొసలూ తగులుతున్నాయంటే మార్చాల్సిన సమయం దాటిపోయినట్టే.

మొదటే 4×2×2 పెడితే వేడి, చలువ రెండూ వాటంతటవే విడివిడిగా నిలుస్తాయి, మార్పుల బాధ ఉండదు. కానీ ఖాళీ పెట్టెలో పిల్లను వదలడం మాత్రం తప్పు. పాము దాక్కోవడానికి కనీసం 5 గూళ్లు కావాలి: వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన అదే రకం ఇంకొకటి, మధ్యలో మూడు. గూడు పాము చుట్ట చుట్టుకుంటే ఒంటికి అన్ని వైపులా తగిలేంత ఇరుకుగా ఉండాలి, పాము పెరిగేకొద్దీ గూళ్లు మార్చాలి. మధ్య ఖాళీల్లో బెరడు ముక్కలు, ప్లాస్టిక్ తీగలు, ఎండుటాకులు నింపి, రెండు చాట్ల మధ్య జానెడుకు మించి బయలు లేకుండా చూడాలి. అడుగున 7 సెం.మీ. మందాన కొబ్బరి పొట్టు పోయాలంటే దాదాపు 50 లీటర్లు పడుతుంది. తొలిసారి పెట్టేవాళ్లు దీన్నే తక్కువ అంచనా వేస్తారు.

అంత మందం పొట్టు కింద హీట్ మ్యాట్ పెట్టకండి. వేడి పైకి రాదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌కు ఉండే ప్రోబ్ (వేడిని కొలిచే కొస) పొట్టు మీద ఉంటే, ఇంకా చల్లగానే ఉందని మ్యాట్‌ను ఆపకుండా నడిపిస్తుంది, పాము తవ్వుకుని కిందికి వెళ్తే ఒళ్లు కాలుతుంది. పెద్ద పెట్టెకు వేడి పైన పెట్టిన వేడి దీపం నుంచే రావాలి, ఆ దీపానికి జాలీ తొడుగు ఉండాలి, ప్రోబ్ వెచ్చని చోట కదలకుండా బిగించి ఉండాలి.

ఇక పెద్ద పెట్టెకు మధ్యలో అడ్డుపలక పెట్టి సగం వాడే పద్ధతి ఉంది. దాన్ని మేం వద్దనే అంటాం. వేడి సగంలోనే చిక్కుకుని చిన్న టబ్బు కష్టమే తిరిగొస్తుంది, అంచుల సందుల్లో పిల్ల ఇరుక్కుంటుంది.

మా లెక్కలో బాల్ పైథాన్ పిల్ల వరసగా మూడు నాలుగు ఎరలు తిన్నాక నేరుగా పెద్ద పెట్టెలోకి వెళ్లొచ్చు. కార్న్ స్నేక్ సంగతి వేరు. పెద్ద పెట్టె ముందు తలుపుగా ఉండే జరిపే అద్దాల మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లే, అయినా తల దూరితే ఒళ్లూ దూరుతుంది, ఆ పిల్ల తల అంత సన్నం. అది 50 సెం.మీ. దాటేదాకా గట్టి మూత టబ్బులో ఉంచి, ఆ తర్వాత మధ్య సైజులన్నీ వదిలేసి ఒక్కసారే పెద్ద పెట్టెకు మార్చడం మేలు. అప్పుడూ అద్దాల సందుకు రబ్బరు పట్టీ అంటించాకే వదలాలి.

మార్చే రోజు పాత గూటిని, గుప్పెడు పాత పొట్టును శుభ్రమైన చోటు నుంచి తీసి వెంట పెట్టండి. వారం రోజులు చేత్తో పట్టుకోవద్దు, ఎర పెట్టొద్దు. ఆ తర్వాత పామే చెబుతుంది. ఎప్పుడూ చల్లని కొసనే ఉంటే వెచ్చని కొస మరీ వేడిగా ఉన్నట్టు. రాత్రంతా అద్దానికి ముక్కు రాస్తూ తిరుగుతుంటే ముందు వేడిని, చాట్లను సరిచూడాలి. కుబుసం ముక్కలుగా ఊడితే తేమ చాలడం లేదు, పైమూత జాలీ అయితే వేడి దీపానికి దూరంగా ఉన్న భాగాన్ని కప్పాలి. మార్చే ముందు పామును తూచి రాసుకుని, ఆపైన వారానికోసారి తూచండి. బరువు 10 శాతానికి మించి తగ్గితే ఇంకా చూద్దామని ఆగకుండా పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.