జాగ్రత్త: సగం మెనూ చూపించే పోర్టల్ కొనకండి

మామిడి సీజన్‌కు ముందు వెబ్ పోర్టల్ కొనాలనుకుంటున్న గుజ్జు యూనిట్లవారికి, కాయ కొని పంపే మామిడి ర్యాంపులు నడిపేవారికి, పాల సేకరణ కేంద్రాలవారికి ఇది రాస్తున్నాను. మేము 1,80,000 రూపాయలకు ఒప్పుకున్నాం. అందులో 1,20,000 ముందే కట్టేశాం. తీరా తోతాపురి ముమ్మరంగా దిగే రోజుల్లో, నడిరాత్రి వేళ ఆ పోర్టల్ మమ్మల్ని నిలబెట్టేసింది. లోపం వినడానికి చాలా చిన్నది. తెర మీద ఎడమ పక్కన ఉండే మెనూలో ఎవరికి ఏయే పేజీలు కనిపించాలన్నదే అసలు సమస్య.

మాది చిత్తూరుకు దగ్గరలోని చిన్న యూనిట్. లోడు వస్తే గేటు దగ్గర టోకెన్, తర్వాత కాటా, ఆ తర్వాత కాయ నాణ్యత, చివరికి రైతు ఖాతాలో డబ్బు. అందుకే పోర్టల్‌లో అయిదు రోల్స్, అంటే ఏ పని చూసేవారు ఏ పేజీలు వాడవచ్చో చెప్పే హోదాలు, పెట్టించాం: గేటు, కాటా, నాణ్యత, ఖాతాలు, యజమాని. అమ్మడానికి వచ్చినవారు ఒక్కో రోల్‌తో లాగిన్ అయి చూపించారు. అన్నీ బాగున్నాయి. ఒకే మనిషికి రెండు రోల్స్ ఇస్తే తెర మీద ఏం కనిపిస్తుందని మేము అడగలేదు, వారు చెప్పలేదు. చిన్న యూనిట్లలో ఒక్కొక్కరు రెండు మూడు పనులు చూసుకుంటారు. మాకు కావలసింది అసలు అదే.

జూలైలో ఒక రాత్రి కాటా గుమాస్తాకు జ్వరం వచ్చింది. మా ఖాతాల అమ్మాయికి కాటా రోల్ కూడా ముందే ఇచ్చి ఉంచాం కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం. ఆమె లాగిన్ అయింది. మెనూలో చెల్లింపులు, రైతుల వివరాలు, రిపోర్టులు ఉన్నాయి. కాటా అన్న మాటే లేదు. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయింది, వేరే కంప్యూటర్‌లో చూసింది, ఫోనులో చూసింది. అదే మెనూ. గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు ఆగిపోయాయి. బంగారుపాళ్యం వైపు నుంచి మధ్యాహ్నమే బయలుదేరిన పెద్దాయన కిటికీ దగ్గరికి వచ్చి, "తల్లీ, కాయ మెత్తబడిపోతోంది. కాగితం మీద రాసివ్వలేవా?" అని అడిగారు. ఆయన చేతిలో అడుగు వరుస నుంచి తీసిన కాయ ఉంది. ఆయన వేలు నొక్కిన చోట తొక్క లోపలికి దిగిపోయింది. తెల్లవారే దాకా పాత చీటీల పుస్తకం మీదే తూకం నడిపాం.

కారణం మర్నాడు తెలిసింది. మనిషికి ఎన్ని రోల్స్ ఉన్నా, పోర్టల్ మొదట దొరికిన రోల్ ఒక్కదాన్నే తీసుకుని దాని మెనూ చూపిస్తుంది. మిగతావి లేనట్టే లెక్క. ఇలా ఎందుకు చేశారని అడిగితే, రోల్స్ అన్నీ కలిపి చూపించడం మీరు అడగని కొత్త సౌకర్యం అన్నారు. ఆ మాట నిజం కాదు. రోల్స్ ఆధారంగా అనుమతులు ఇచ్చే పద్ధతిని డేవిడ్ ఫెరాయిలో, రిచర్డ్ కూన్ అనే అమెరికా పరిశోధకులు 1992లోనే రాసి పెట్టారు. 2004లో అది అమెరికా ప్రమాణంగా వచ్చింది. ఒక మనిషికి అనేక రోల్స్ ఉండవచ్చన్నది అందులో మొదటి నుంచీ ఉన్న విషయం. వెబ్‌సైట్లు కట్టడానికి ఉచితంగా దొరికే డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒకరికి రెండు రోల్స్ ఇస్తే రెండింటి అనుమతులూ కలిసి వర్తిస్తాయి.

ఇక వారు చేసిన మరమ్మతు. మొదట మెనూలను ఒకదాని కింద ఒకటి అతికించారు. ఆ అమ్మాయి తెర మీద "రిపోర్టులు" రెండుసార్లు వచ్చింది. ఒకటి నొక్కితే రోజువారీ తూకం, ఇంకొకటి నొక్కితే చెల్లింపులు. నొక్కితే తప్ప ఏది ఏదో తెలియదు. అన్ని రోల్స్ ఉన్న నా లాగిన్‌లో "రిపోర్టులు" అయిదు చోట్ల ఉంది. కలపడమంటే ఇది కాదు. ఒకే పేజీ రెండు రోల్స్‌లో ఉంటే మెనూలో ఒక్కసారే రావాలి. పేరు ఒకటై పేజీలు వేరైతే, ఒకే శీర్షిక కింద వాటి వాటి పేర్లతో విడివిడిగా కనిపించాలి. లోపల ఏమీ లేని శీర్షిక అసలు రాకూడదు. రోల్ ఒకటి చేర్చినా తీసేసినా మిగతా వరుస చెదరకూడదు, ఎందుకంటే రద్దీలో పనిచేసే మనిషి చదివి నొక్కడు, అలవాటైన చోట నొక్కుతాడు.

మేము ఒప్పుకోకపోవడంతో రెండో మరమ్మతు చేశారు. ఈసారి మెనూ చూడముచ్చటగా ఉంది. కానీ అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. ఒకరోజు ఖాతాల అమ్మాయి చెల్లింపుల పేజీ చిరునామాను మా యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గేటు దగ్గరి కుర్రాడు తన ఫోనులో, తన లాగిన్‌తోనే దాన్ని నొక్కాడు. పేజీ తెరుచుకుంది. రైతుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ ఆ ఫోనులో నా కళ్లతో నేను చూశాను. వారు చేసిందల్లా అందరికీ ఒకే పూర్తి మెనూ పంపి, అక్కర్లేనివి తెర మీద కనబడకుండా దాచడం. తలుపు మీది పేరు చెరిపేశారు, తాళం మాత్రం వేయలేదు. అనుమతి ఉందా లేదా అన్నది ప్రతిసారీ పేజీని పంపే సర్వర్ చూడాలి. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో ఇలాంటి అనుమతుల లోపానికే మొదటి స్థానం ఇచ్చింది. 2017లో అది అయిదో స్థానంలో ఉండేది. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం కూడా బాధ్యతను ఆ సమాచారం సేకరించినవారి మీదే పెడుతుంది. పని సాఫ్ట్‌వేర్‌వారికి అప్పగించినంత మాత్రాన మన బాధ్యత పోదు. మనల్ని నమ్మి పాస్‌బుక్కు కాగితం ఇచ్చిన రైతుకు మనమే జవాబు చెప్పాలి.

మూడోసారి వారు, రోల్స్‌ను కలిపే ప్రతి జోడింపుకూ ఒక కొత్త రోల్ తయారు చేస్తామన్నారు. ఒక్కోదానికి 3,000 రూపాయలు. అయిదు రోల్స్‌ను రెండేసి, మూడేసి, నాలుగేసి, అయిదూ కలిపి లెక్కేస్తే 26 జోడింపులు వస్తాయి. రేపు ఆరో రోల్ వస్తే అవి 57 అవుతాయి. దీనికి మాత్రం ఒప్పుకోకండి. మెనూ మనిషికి ఉన్న అనుమతులన్నీ చూసి తయారైతే, కొత్త రోల్స్ సృష్టించాల్సిన పనే లేదు.

అనుమతులు కలిపేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కాటా, ఖాతాలు రెండూ చూసే మనిషికి రెండు పేజీలూ కనిపించాలి, కానీ తాను తూచిన లోడుకు తానే చెల్లింపు ఆమోదించే వీలు ఉండకూడదు. ఇది ఆ మనిషి మీద అనుమానం కాదు, ఆ మనిషికి రక్షణ. 2025లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ధర నిర్ణయించినప్పుడు ఆ 4 రూపాయలు కూడా తూకం లెక్క మీదే ఆధారపడ్డాయి. అలాంటి లెక్క ఒక్క చేతి మీదుగా పోకూడదు.

అందుకే డబ్బు కట్టకముందే ఒక పూట కూర్చోండి. పరీక్ష కోసం ఒక లాగిన్ పెట్టించి, దానికి రెండు రోల్స్ మీ ఎదుటే ఇప్పించండి. ఏ రోల్ ముందు ఇచ్చినా మెనూ ఒకేలా రావాలి, కాబట్టి క్రమం మార్చి ఇంకోసారి చేయించండి. యజమాని లాగిన్‌లో తెరిచిన పేజీ చిరునామాను గేటు లాగిన్‌లో అతికించి చూడండి. "అనుమతి లేదు" అని రావాలి. ఆ మనిషి లాగిన్‌లో ఉండగానే ఒక రోల్ తీసేయించి, ముందే తెరిచి ఉన్న పేజీలో ఏదైనా భద్రపరచడానికి ప్రయత్నించండి. అది భద్రపడకూడదు. మాది ఇక్కడ కూడా తప్పింది. రోల్ తీసేసిన మర్నాటికీ పాత లాగిన్‌తో పని జరిగిపోయింది. ఈ నాలుగూ ఒప్పంద పత్రంలో రాయించి, అవి నెగ్గాకే చివరి వాయిదా కడతామని సంతకం చేయించుకోండి. మా పత్రంలో "అయిదు రోల్స్‌తో పోర్టల్" అన్న ఒక్క ముక్కే ఉంది. ఇప్పుడు వారు దాన్నే చూపిస్తున్నారు.

మిగిలిన 60,000 రూపాయలు మేము ఆపేశాం. చెల్లింపుల పేజీలు పోర్టల్ నుంచి పూర్తిగా తీసేయించాం. ఖాతా వివరాలు పోర్టల్‌లో ఉన్న రైతులందరికీ ఫోను చేసి జరిగింది చెబుతున్నాం. ఇంకా సగం మందికి చెప్పాల్సి ఉంది.