పలాస జీడి యూనిట్‌లో "పర్ఫార్మెన్స్ మెజర్‌మెంట్" సర్వీస్ పెట్టించుకున్నాం, ఎలా ఉందంటే

వైజాగ్ నుంచి వచ్చి చిన్న ఫ్యాక్టరీల్లో పని ఎలా నడుస్తుందో కొలిచి బాగుచేస్తామనే సర్వీస్ ఒకటి మేం తీసుకుని ఒక సీజన్ దాటింది. కాశీబుగ్గలో తెలిసినవాళ్ళు చాలామంది ఎలా ఉంది, తీసుకోవచ్చా, డబ్బులు దండగా అని అడుగుతున్నారు, అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేస్తే నయం కదా. సంస్థ పేరు రాయట్లేదు, మంచితోపాటు నచ్చనివి కూడా గట్టిగానే రాస్తున్నాను కాబట్టి. ఎవరి దగ్గర తీసుకున్నా ఏం అడగాలి అన్నది మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

యూనిట్ మా మావయ్యగారిది, లెక్కలు నేను చూస్తాను. పిక్క కొనడం, ఆవిరిలో ఉడకబెట్టడం, కోత (పెంకు కోసి పప్పు తియ్యడం), బోర్మా (పప్పుని ఆరబెట్టే వేడి గది), పొట్టు తీత, గ్రేడింగు, ప్యాకింగు అన్నీ మా దగ్గరే జరుగుతాయి. పెద్ద యూనిట్ కాదు, మరీ చిన్నదీ కాదు. కోతలోనూ పొట్టు తీతలోనూ అందరూ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే.

మొదటి మీటింగ్‌లో ల్యాప్‌టాప్ పెట్టి స్లైడ్లు చూపించారు. 1992లో కప్లాన్, నార్టన్ అని ఇద్దరు అమెరికాలో చెప్పిన బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ పద్ధతి మీద మొత్తం ప్లాన్ కట్టుకొచ్చారు, అంటే డబ్బు లెక్క ఒక్కటే చూడకుండా కస్టమర్ ఏమంటున్నాడు, లోపల పని ఎలా నడుస్తోంది, మనుషులు ఏం నేర్చుకుంటున్నారు అన్న మిగతా మూడు వైపులు కూడా చూడాలి అని. ఆలోచన మాత్రం జీడి వ్యాపారానికి బాగా అతుకుతుంది అండి, ఎందుకంటే మనం ఇవాళ పిక్క కొంటే అది పప్పై, అమ్ముడై, డబ్బు చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది, కంప్యూటర్‌లో టాలీ లెక్కల్లో నష్టం కనబడేసరికి ఆ పిక్క ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అప్పుడు తెలిసి ఏం లాభం. కానీ దానికోసం వాళ్ళు తెచ్చిన షీట్‌లో ముప్పై పైన అంకెలున్నాయి. మావయ్యగారు ఓపిగ్గా చివరిదాకా విని, "బాబూ, ఇవన్నీ రాయడానికే ఇంకో మనిషిని పెట్టాలి, నాకు నాలుగు చెప్పండి, అవి మాత్రం ఏ రోజువి ఆ రోజే కావాలి" అన్నారు. ఆ ఒక్క మాట వల్లే ఈ సర్వీస్ మాకు పనికొచ్చింది అని నా నమ్మకం. నాలుగంటే: పిక్కకి పప్పు ఎంత దిగింది, అందులో విరగని నిండు పప్పు ఎంత, పొట్టు రాక మళ్ళీ బోర్మాకి వెళ్ళింది ఎంత, చెప్పిన రోజుకి సరుకు లోడయిందా లేదా.

పప్పు దిగుబడి దగ్గరే అసలు విషయం ఉంది, కొంచెం ఎక్కువే రాస్తాను. సరుకు దిగగానే కట్ టెస్ట్ చెయ్యడం పలాసలో అందరికీ తెలిసిందే: బస్తాల్లోంచి అక్కడక్కడా పిక్క తీసి కలిపి, ఒక కేజీ తూచి కోసి, మంచి పప్పు గ్రాములకి మచ్చ పప్పు గ్రాముల్లో సగం కలిపి, దాన్ని 80 కేజీల బస్తాకి ఇన్ని పౌన్లు అని చెప్తారు. కేజీకి 270 గ్రాములు వచ్చిందనుకోండి, బస్తాకి 21 కేజీల 600 గ్రాములు, అంటే దగ్గర దగ్గర 47.6 పౌన్లు. బేరం అంతా ఆ అంకె మీదే. ఐతే గేటు దగ్గర వచ్చిన ఆ అంకెని, అదే లాటు పప్పై ప్యాకింగ్‌కి వచ్చాక తూచిన అంకెతో పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? మా దగ్గర లాట్లు కలిసిపోయేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన తోటల్ని పడేసింది కదా, కొత్త మొక్క వేసినా కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, దాంతో నాటు పిక్కతోపాటు ఐవరీ కోస్ట్ పిక్క, టాంజానియా పిక్క ఏది దొరికితే అది కొంటున్నాం, ఒక్కోదాని సైజు వేరు, తేమ వేరు, అన్నీ ఒకే గోడౌన్లో.

వాళ్ళు చేయించిన మొదటి పని బస్తా మూతికి లాటు ప్రకారం రంగు గుడ్డ కట్టించడం. ఎర్ర గుడ్డ లాటు ఉడికినా, కోతకెళ్ళినా, బోర్మాలో ట్రేలకెక్కినా ఆ ఎర్ర గుడ్డ దానితోనే వెళ్తుంది. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. కానీ దీంతో మొదటిసారి ఏ పిక్క మాకు డబ్బు తెచ్చిందో ఏది తినేసిందో లాటు వారీగా తెలిసింది. బస్తాకి ఒక్క పౌను తేడా అంటే చిన్నగా అనిపిస్తుంది, వంద బస్తాలకి అది 45 కేజీల పప్పు, ధర మీరే కట్టుకోండి.

ఇక్కడ ఒకటి చెప్పి తీరాలి. గేటు అంకెకీ ప్యాకింగ్ అంకెకీ తేడా చూడగానే ఆ సర్వీస్ కుర్రాళ్ళు ఇది లోపల ఎవరో తీసేస్తే పోతోంది, కెమెరాలు పెట్టించండి అనేశారు. మా మేస్త్రి, ఎప్పట్నుంచో ఇదే పనిలో ఉన్న మనిషి, కట్ టెస్ట్‌లో తూచే పప్పుకి పొట్టు ఉంటాది, తడి ఉంటాది, బోర్మాలో తడి పోయి తర్వాత పొట్టు పోయాక బరువు తగ్గదా బాబూ అని అడిగితే గానీ వాళ్ళకి వెలగలేదు. ఆ రెండంకెలు ఎప్పటికీ ఒకటి కావు, మామూలుగా ఎంత తేడా ఉంటుందో ముందు తెలుసుకుని, ఏ లాటులో అది పెరిగిందో చూడాలి. సరుకు గురించి తెలియకుండా అంకె ఒక్కటే చూస్తే చివరికి మనుషుల మీద దొంగతనం వేస్తాం, అదీ రోజంతా వంగి కూర్చుని కోసే ఆడవాళ్ళ మీద. నాకు చాలా బాధేసింది ఆ రోజు. తర్వాత వాళ్ళు మేస్త్రికి సారీ చెప్పారు, ఆ లెక్క కూడా సరిచేశారు, అది ఒప్పుకోవాలి.

రెండో అంకె నిండు పప్పు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగేది, డబ్ల్యూ 240, డబ్ల్యూ 180 ఇంకా పెద్దవి, ఇవన్నీ నిండుగా ఉంటేనే ఆ ధర, బద్దైతే ఒక ధర, ముక్కైతే ఇంకా కిందకి. మరి కోతకి కూలి ఎలా ఇస్తాం, కేజీ లెక్కన. కేజీలే లెక్క అయినప్పుడు చెయ్యి వేగం చూసుకుంటుంది, పప్పుని చూసుకోదు, అది వాళ్ళ తప్పు కాదు, మనం ఇచ్చే లెక్కే అలా ఉంది. సర్వీస్ వాళ్ళు రోజూ కోత అయ్యాక వరస వరసకీ కొంత పప్పు తీసి నిండువీ విరిగినవీ వేరు చేసి అక్కడే వాళ్ళ కళ్ళ ముందే తూయించారు, నిండు పప్పు వంతుని బట్టి కేజీ రేటు మీద కొంచెం అదనం కలిపించారు. మొదట ఎవరూ నమ్మలేదు, శనివారం కూలిలో అదనం చేతికొచ్చాక నమ్మారు. ఇది చాలా మంచి మార్పు, మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాతి నెల గోడకి పెద్ద బోర్డు పెట్టి అందరి పేర్లూ వరసగా రాశారు, పైన పచ్చ రంగు, కింద ఎర్ర రంగు. ఎర్రలో ఉన్న ఒకావిడ, మంచి పనిమంతురాలు, నా దగ్గరకొచ్చి అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "ఏటమ్మా, పిక్క మీరే ఇచ్చినారు, ఉడక మీరే ఎట్టినారు, పేరు మాత్రం నాది రాసీసినారు." దీనికి ఏ కన్సల్టెంట్ దగ్గరా జవాబు లేదు. ఆ వారం ఆమె వరసకి వచ్చింది చిన్న పిక్క లాటు. మావయ్యగారు సాయంత్రానికే బోర్డు దింపించేశారు.

మొదటి మీటింగ్‌లో వాళ్ళ మొదటి స్లైడ్ మీద "కొలవలేనిదాన్ని నడపలేం" అని డెమింగ్ (ఫ్యాక్టరీల్లో నాణ్యత గురించి చెప్పిన అమెరికా నిపుణుడు) పేరుతో ఒక మాట ఉంది. ఆ మాట అన్నిచోట్లా ఆయన పేరు మీదే తిరుగుతుంది గానీ ఆయన చెప్పింది దీనికి ఎదురు, కొలవలేకపోతే నడపలేం అనుకోవడం తప్పు, దానివల్ల చాలా నష్టపోతాం అని. పనివాళ్ళని వరసపెట్టి ర్యాంకులివ్వడం, ఇంత చెయ్యాలని కోటాలు పెట్టడం వద్దని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన, పనిలో వచ్చే తేడాల్లో చాలాభాగం మనిషిది కాదు, ఆ పని నడిచే పద్ధతిది అని ఆయన వాదన. మా కోత ఆవిడ అన్నది కూడా అదే కదా.

బోర్డు దిగాక అవే అంకెల్ని పేర్లు తీసేసి లాటు వారీగా, ఉడక వారీగా పెట్టి చూద్దామని నేను అడిగాను. అప్పుడు బయటపడింది. ముక్కలెక్కువ వచ్చిన రోజులన్నీ దాదాపు ఒకే రకం, సాయంత్రం ఆలస్యంగా ఉడికిన పిక్క పొద్దున్నే కోతకెళ్ళిన రోజులు. ఉడికిన పిక్క బాగా ఆరి చల్లారాలి, లేకపోతే పప్పు పెంకుని అంటుకునే ఉంటుంది, కత్తి పడగానే విరుగుతుంది. ఆర్డర్ తొందరలో ఆరబెట్టే టైము తగ్గించేస్తున్నారు, అంతే. ఉడక టైము మార్చి ఒక పూట ఎక్కువ ఆరనిచ్చాక ముక్క కంటికి కనబడేంత తగ్గింది, ఎవర్నీ ఏమీ అనక్కర్లేకుండా. నా దృష్టిలో మేం ఇచ్చిన ఫీజు మొత్తం ఈ ఒక్కదానికే గిట్టుబాటు అయిపోయింది.

కోత మెషిన్లకి ఓఈఈ అని ఒక లెక్క నేర్పారు, జపాన్‌లో నకజిమా అనే ఆయన తెచ్చిన పద్ధతి. మెషిన్ నడవాల్సిన టైములో ఎంతసేపు నడిచింది, నడిచినప్పుడు ఉండాల్సిన స్పీడ్‌లో ఎంత నడిచింది, వచ్చినదాంట్లో మంచిది ఎంత, ఈ మూడూ గుణించాలి. మూడూ 90 శాతం ఉంటే బాగానే ఉంది అనుకుంటాం, గుణిస్తే 73 దగ్గర ఆగుతుంది. మెషిన్లు ఉన్నవాళ్ళకి ఇది బాగా ఉపయోగం, మాకు ఎక్కువ కోత చేత్తోనే కాబట్టి పెద్దగా వాడలేదు.

యాప్ గురించి చెప్పడానికేం లేదు, అంతా ఇంగ్లీషు, మా సూపర్‌వైజరమ్మాయి పుస్తకంలో రాసి రాత్రి నేను ఎక్కించడమే. నెల రిపోర్టు పీడీఎఫ్ రంగురంగుల గ్రాఫులతో వస్తుంది, వచ్చేసరికి తర్వాతి నెల సగానికి వచ్చేస్తుంది, నేను తెరవడం మానేశాను. సాయంత్రం నల్లబోర్డు మీద సుద్దతో రాసే నాలుగంకెలు చాలు.

ఇంకోటి మాత్రం నేను ఎంత అడిగినా వాళ్ళు సరిగా పట్టించుకోలేదు. జీడి పెంకు నూనె పడితే చేతులు కాలి చర్మం ఊడిపోతుంది, ఆముదం రాసుకుని బూడిద అద్దుకుని పనిచేస్తారు, గ్లోవ్స్ ఇస్తే కోత స్పీడ్ తగ్గుతుందని, కూలి తగ్గుతుందని తీసేస్తారు. చేతులు కాలి ఎంతమంది పనికి రాలేదు, ఎంతమంది మానేశారు అన్నది కూడా పర్ఫార్మెన్సే కదండీ, అనుభవం ఉన్న చెయ్యి మానేసి కొత్త మనిషి వస్తే నిండు పప్పు వంతు ఎంత పడిపోతుందో మా నల్లబోర్డు మీదే కనబడుతోంది. హాజరు వరకు కలిపారు, మిగతాది నేనే విడిగా పుస్తకంలో రాస్తున్నాను, గ్లోవ్స్ వేసుకున్నవాళ్ళకి నష్టం రాకుండా రేటు ఎలా కట్టాలో మావయ్యగారితో ఇంకా మాట్లాడుతున్నాను.

ఖర్చు నెలకి ఒక గుమాస్తా జీతమంత, వచ్చిపోయే ఛార్జీలు విడిగా. సొంత డబ్బు పెట్టేముందు కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ లీన్ స్కీమ్, అంటే పనిలో వృథా తగ్గించుకోవడానికి సాయం చేసేది, ఒకసారి చూడండి, 2023 మార్చిలో కొత్తగా మొదలుపెట్టారు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న తయారీ యూనిట్లకి కన్సల్టెంట్ ఫీజులో 90 శాతం ప్రభుత్వమే భరిస్తుంది, మొదట బేసిక్ అని ఒక మెట్టు ఉంటుంది, అది ఫోన్‌లోనే నేర్చుకోవచ్చు. మాకు ఈ సర్వీస్ తీసుకున్నాక తెలిసింది, ఈసారి దాన్లోనే వెళ్దామని అప్లై చేస్తున్నాం.

టెక్కలి వైపు రైస్ మిల్లు వాళ్ళు, రాజాం జూట్ మిల్లులో పనిచేసే మా తమ్ముడు కూడా మాకు పనికొస్తుందా అని అడిగారు. రైస్ మిల్లుకైతే నా లెక్కలో బాగా పనికొస్తుంది, ప్రభుత్వ ధాన్యం ఆడినప్పుడు క్వింటాకి పచ్చి బియ్యం 67 కేజీలు, ఉప్పుడు బియ్యం 68 కేజీలు ఇవ్వాలి కాబట్టి కొలత ముందే ఉంది, ఏ ధాన్యం లాటులో ఎందుకు తగ్గింది, నూక ఎందుకు పెరిగింది అన్నది రోజూ చూసుకుంటే సరిపోతుంది. జూట్ పని నాకు తెలీదు, చెప్పలేను.

తీసుకునేవాళ్ళు మాత్రం సంతకం పెట్టేముందు స్లైడ్లు వద్దని చెప్పండి, ఒక రోజంతా మీ ఫ్యాక్టరీలో పనివాళ్ళ పక్కన నిలబడమనండి, సాయంత్రం వాళ్ళు ఏం చూశారో మీకు కాదు, మీ మేస్త్రికి చెప్పమనండి. ఆయన సరే అంటేనే అడ్వాన్స్ ఇవ్వండి. మొత్తం మీద నేను ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ పేర్ల బోర్డు లేకపోతే నాలుగు ఇచ్చేదాన్ని.